వెబ్ పనిలో సందేహాలు: వరుసలు పెరిగే ఫారాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఆరు ఒకే పని చుట్టూ తిరిగాయి. మనిషి పేరు, ఊరు, ఫోను నంబరు ఒక్కసారి అడిగి, ఆ కింద కొన్ని గళ్ల గుంపును ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు నింపుకొనే వీలిచ్చే ఫారాన్ని తయారుచేయడమే ఆ పని. అడంగల్ చూసినవారికి ఈ ఆకారం కొత్తది కాదు. ఒక రైతు పేరు మీద ఒక్క సర్వే నంబరు ఉండవచ్చు, ఏడు ఉండవచ్చు. కాగితం మీదైతే ఇంకో గీత గీసుకుంటే సరిపోయేది. వెబ్ పేజీలోనూ ఆ గీత గీయడం సులువే. గీసిన తరువాత ఏ అంకె ఏ గీతకు చెందుతుందో డేటాబేస్ దాకా తప్పిపోకుండా నిలబెట్టడమే కష్టం. ఉత్తరాలలోని చిక్కుల్లో చాలా మట్టుకు నాకు అక్కడే కనిపించాయి కనుక ఈసారి స్థలమంతా వాటికే ఇచ్చాను. గళ్ల పేర్లను చదువుకునే సౌలభ్యం కోసం తెలుగులో రాశాను. మీ ప్రోగ్రాములో మీరు ఏ పేర్లు పెట్టుకున్నా పద్ధతి మారదు. ఉత్తరాలలో తరచూ వచ్చే పీహెచ్‌పీ అంటే సర్వరులో నడిచే ప్రోగ్రాములు రాసే భాష.

ప్రశ్న: అయ్యా, మా రైతు సంఘం కోసం పీహెచ్‌పీలో ఒక నమోదు ఫారం తయారుచేశాను. పైన రైతు వివరాలు, కింద ఒక్కొక్క పొలానికి నాలుగు గళ్లు: సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, 'బోరు ఉంది' అనే చెక్‌బాక్స్. 'ఇంకో పొలం చేర్చు' అన్న బటన్ నొక్కితే కొత్త వరుస వస్తుంది. మూడు పొలాలున్న రైతు మూడో పొలానికి మాత్రమే బోరు ఉందని టిక్కు పెడితే, డేటాబేస్‌లో అది మొదటి పొలానికి పడుతోంది. పంట, విస్తీర్ణం మాత్రం సరిగానే వస్తున్నాయి. తప్పు ఎక్కడుందో తెలియజేయగలరు.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ కోడును మీరు పంపలేదు గానీ, లక్షణం చూస్తే గళ్లకు మీరు పెట్టిన పేర్లు సర్వే[], విస్తీర్ణం[], పంట[], బోరు[] అన్నట్లుగా ఉండి ఉండాలి. ఇలా పెడితే సర్వరుకు నాలుగు వేర్వేరు జాబితాలు చేరుతాయి. మొదటి జాబితాలోని మూడో అంశం, రెండో జాబితాలోని మూడో అంశం, అలా అన్నిటిలోని మూడో అంశాలూ కలిస్తే మూడో పొలం అవుతుందని మీ ప్రోగ్రాము నమ్ముతోంది. ఆ నమ్మకం చెక్‌బాక్స్ దగ్గర విరిగిపోయింది. టిక్కు లేని చెక్‌బాక్స్‌ను బ్రౌజరు సర్వరుకు అసలు పంపదు. 'లేదు' అని కూడా చెప్పదు. కాబట్టి సర్వే నంబర్లు మూడు, విస్తీర్ణాలు మూడు, పంటలు మూడు చేరగా బోరు ఒక్కటే చేరింది. ఒక్కటే ఉన్న జాబితాలో అది మొదటిది కాక మరేమవుతుంది? అందుకే అది మొదటి పొలానికి పడింది.

ఈ తప్పు తెలిసిన తరువాత చాలామంది వెంటనే పొలం[][సర్వే], పొలం[][విస్తీర్ణం] అని పేర్లు మారుస్తారు. చూడటానికి సరైనదిగానే ఉంటుంది, కానీ అది మొదటిదానికంటే అధ్వాన్నం. ఖాళీ బ్రాకెట్టు కనబడిన ప్రతిసారీ పీహెచ్‌పీ కొత్త అంశాన్ని మొదలుపెడుతుంది కనుక, ఒకే పొలానికి చెందిన సర్వే నంబరు ఒక అంశంలోకి, విస్తీర్ణం ఆ తరువాతి అంశంలోకి వెళ్లి కూర్చుంటాయి. మూడు పొలాలకు పది ముక్కలు తేలుతాయి.

సరైన దారి ఏమిటంటే, వరుస పుట్టినప్పుడే దానికి ఒక సంఖ్య ఇచ్చి, ఆ వరుసలోని గళ్లన్నిటి పేర్లలోనూ ఆ సంఖ్యనే రాయడం: పొలం[0][సర్వే], పొలం[0][విస్తీర్ణం], పొలం[0][పంట], పొలం[0][బోరు], తరువాతి వరుసకు పొలం[1][సర్వే] మొదలైనవి. అప్పుడు మూడో పొలం టిక్కు పొలం[2][బోరు] అన్న పేరుతోనే వస్తుంది, మరో పొలానికి అంటుకునే అవకాశమే లేదు. టిక్కు లేనప్పుడు కూడా 'లేదు' అన్న సమాధానం కావాలనుకుంటే, అదే పేరుతో 0 విలువ గల హిడెన్ గడిని (తెరమీద కనబడకుండా విలువను మాత్రం పంపే గడిని) చెక్‌బాక్స్‌కు ముందు పెట్టండి. టిక్కు ఉంటే రెండూ వస్తాయి, పీహెచ్‌పీ తరువాత వచ్చినదాన్నే ఉంచుకుంటుంది. ఈ ఉపాయం సంఖ్యలున్న పేర్లతోనే పనిచేస్తుంది. మీ పాత పద్ధతిలో బోరు[] మీద ప్రయోగిస్తే టిక్కు ఉన్న పొలానికి రెండు అంశాలు చేరి గందరగోళం రెట్టింపవుతుంది.

ఇక ఆ సంఖ్య సంగతి. మధ్యలోని వరుసను తొలగించినప్పుడు మిగిలిన వాటికి మళ్లీ 0, 1, 2 అని నంబర్లు వేయవలసిన పని లేదు. నేను మొదట్లో అలాగే వేసేవాణ్ని. ఒకసారి ఐడీలు (పేజీలో ఒక్కో గడిని వేరుగా గుర్తించే గుర్తులు) మార్చి పేర్లు మార్చడం మరచిపోయి, రెండు వరుసలకు ఒకే సంఖ్య పడి, ఒక రైతు చీనీ తోట మీద మరో చేనిలోని వేరుశనగ ఎక్కిన తరువాత ఆ అలవాటు మానుకున్నాను. ఒక లెక్కింపు సంఖ్యను పెట్టుకుని, కొత్త వరుస వచ్చినప్పుడల్లా దాన్ని పెంచుతూ, ఏ వరుస పోయినా తగ్గించకుండా ఉంటే చాలు. 0, 1, 4, 7 అని ఖాళీలతో వచ్చినా పీహెచ్‌పీకి ఇబ్బంది లేదు. అయితే సర్వరు వైపు 'ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి 0 నుంచి అంతదాకా' అని తిరగకుండా, ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసుకునే ఫర్‌ఈచ్ పద్ధతిలో తిరగాలి. తెరమీద 'పొలం 1, పొలం 2' అని చూపించే వరుస నంబరు వేరు, పేరులోని సంఖ్య వేరు. మొదటిదాన్ని మీ ఇష్టం వచ్చినట్లు సవరించుకోండి, రెండోదాన్ని ముట్టుకోకండి.

కొత్త వరుసను ఎలా పుట్టిస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. మొదటి వరుసనే క్లోన్ చేస్తే, అంటే నకలు తీస్తే, అందులో రైతు అప్పటికే నింపిన విలువలు కూడా వెంట వస్తాయి. పేజీలో ఒక ఖాళీ నమూనా వరుసను దాచిపెట్టి దాన్ని క్లోన్ చేస్తే మరో రెండు బాధలు: ఆ ఖాళీ వరుస కూడా సర్వరుకు వెళుతుంది, దానిలోని గడి తప్పనిసరి అని గుర్తుపెట్టి ఉంటే, బ్రౌజరు ఆ కనబడని గడి నింపలేదన్న కారణంతో ఫారాన్ని ఆపేస్తుంది, చూపించడానికి గడి కనబడదు కనుక వినియోగదారుకు ఏమీ చెప్పదు. బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందు వెతికేది ఇదే. నమూనాను టెంప్లేట్ అనే ఎలిమెంటులో పెట్టడం మంచిది. టెంప్లేట్ లోపల ఉన్నది పేజీలో భాగంగా లెక్కకు రాదు, సర్వరుకు వెళ్లదు, తనిఖీకి గురికాదు. దాని కంటెంటును క్లోన్ చేసి, పేర్లలో సంఖ్య ఉండవలసిన చోట కొత్త సంఖ్య వేసి, వరుసల చివర అతికించాలి.

మీ ఫారంలో రేడియో బటన్లు లేవు గానీ ఎప్పుడైనా 'వర్షాధారం, బోరు, కాలువ' అని మూడు రేడియోలు పెట్టాలనిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. ఒకే ఫారంలో ఒకే పేరున్న రేడియోలన్నీ ఒకే జట్టు. పేరు మార్చకుండానే కొత్త వరుసను పేజీలో పెడితే, రెండో పొలానికి కాలువ అని ఎంచిన క్షణంలో మొదటి పొలం ఎంపిక చెరిగిపోతుంది. ఐడీల విషయమూ ఇంతే. రెండు గళ్లకు ఒకే ఐడీ ఉంటే, మూడో వరుసలోని 'బోరు ఉంది' అన్న మాట మీద వేలు పెడితే మొదటి వరుసలో టిక్కు పడుతుంది. గడిని లేబుల్ (పక్కనున్న మాటను గడికి ముడివేసే ఎలిమెంటు) లోపలే పెట్టేస్తే ఐడీతో అవసరమే ఉండదు, నేను ఎక్కువగా అలాగే చేస్తాను.

ప్రశ్న: పత్తి ఖాతాల కోసం ఫారం తయారుచేశాను. ప్రతి వరుస చివర 'తొలగించు' బటన్ ఉంది. మా గుమాస్తా ఏ గడిలోనైనా అంకె కొట్టి ఎంటర్ నొక్కితే మొదటి వరుస మాయమవుతోంది. కంప్యూటరుదా లోపం, నాదా?
— ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: మీదేనండీ, కానీ చాలామంది చేసే లోపమే. బటన్ ఎలిమెంటుకు టైప్ చెప్పకపోతే అది సబ్మిట్ బటన్, అంటే ఫారాన్ని సర్వరుకు పంపే బటన్, అయిపోతుంది. ఒక గడిలో ఉండి ఎంటర్ నొక్కితే, పేజీ క్రమంలో ఆ ఫారానికి చెందిన మొట్టమొదటి సబ్మిట్ బటన్ ఏదో దాన్నే నొక్కినట్లు బ్రౌజరు భావిస్తుంది. మీ ఫారంలో అన్నిటికంటే ముందు వచ్చే బటన్ మొదటి వరుసలోని 'తొలగించు'. మీ గుమాస్తా తప్పు లేదు. క్యాలిక్యులేటరు అలవాటున్న ఎవరైనా అంకె తరువాత ఎంటర్ నొక్కుతారు. ఫోనులో కీబోర్డు మూల ఉండే 'గో' మీట కూడా ఇదే పని చేస్తుంది.

'చేర్చు', 'తొలగించు' బటన్లు రెండిటికీ టైప్ దగ్గర 'బటన్' అని స్పష్టంగా రాస్తే సమస్య పోతుంది. జావాస్క్రిప్ట్ లేకుండా సర్వరే వరుసలు చేర్చి, తొలగించే పద్ధతిలో రాసినవారు మాత్రం వాటిని సబ్మిట్ బటన్లుగానే ఉంచాలి; అటువంటప్పుడు ఫారం మొదట్లోనే, కంటికి కనబడనట్లుగా ఒక అసలైన 'భద్రపరచు' బటన్ పెడితే ఎంటర్ దానికే చెందుతుంది.

ఆ బటన్ల దగ్గరే ఉన్నాము కనుక ఇంకో మాట. పది వరుసలున్న చోట పది 'తొలగించు'లు ఉంటే, స్క్రీన్ రీడర్‌తో వినేవారికి 'తొలగించు, తొలగించు' అని పదిసార్లు వినబడుతుందే తప్ప ఏది దేనిదో తెలియదు. '3వ వరుస తొలగించు' అన్న పూర్తి పేరు ఇవ్వండి. ఒక్కొక్క వరుసలోని గళ్లను ఫీల్డ్‌సెట్ అనే గుంపు ఎలిమెంటులో పెట్టి, దాని శీర్షిక అయిన లెజెండ్‌లో 'లాటు 3' అని రాస్తే ఇంకా మేలు. చేర్చినప్పుడు కర్సరును కొత్త వరుస మొదటి గడిలోకి, తొలగించినప్పుడు పక్క వరుసలోకి తీసుకువెళ్లడం చూపున్నవారికీ ఉపకారమే. మీ గుమాస్తా రోజుకు ఎన్ని లాటులు ఎక్కిస్తాడో నాకు తెలియదు గానీ, ప్రతిదానికీ మౌసు వెతుక్కోవడం తప్పితే ఆయన మీకు కృతజ్ఞుడై ఉంటాడు.

ప్రశ్న: నాపరాళ్ల యార్డులో నెలాఖరు నిల్వ లెక్కకు పీహెచ్‌పీ ఫారం ఉంది. పైన తేదీ, యార్డు, లెక్కించినవారు, రిమార్కు అని నాలుగు గళ్లు; ఒక్కొక్క వరుసలో రకం, పొడవు, వెడల్పు, మందం, సంఖ్య, ధర అని ఆరు. చిన్న యార్డులకు బాగానే ఉంది. పెద్ద యార్డులో ఎన్ని వరుసలు నింపినా 166 మాత్రమే డేటాబేస్‌లోకి వస్తున్నాయి. ఎర్రరు ఏమీ చూపడం లేదు.
— ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: మీరు గళ్ల లెక్క రాసి పంపడం వల్ల జవాబు మీ ఉత్తరంలోనే దొరికింది. 166ను ఆరుతో గుణిస్తే 996; పైన ఉన్న నాలుగు కలిపితే సరిగ్గా 1000. పీహెచ్‌పీలో మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ అనే అమరిక ఉంది, మనం మార్చకపోతే దాని విలువ 1000. ఒక ఫారం నుంచి అంతకు మించి వచ్చిన గళ్లను పీహెచ్‌పీ మీ ప్రోగ్రాము మొదలుకాక ముందే పారేస్తుంది. ఒక హెచ్చరిక ఇస్తుంది, కానీ నడుస్తున్న సైట్లలో హెచ్చరికలను తెరమీద చూపించకుండా ఆపి ఉంచుతారు కనుక అది లాగ్ ఫైలులో పడి ఉంటుంది.

ఈ హద్దు ఊరికే పెట్టినది కాదు. 2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో, ప్రత్యేకంగా ఎంచిన వేలాది గళ్ల పేర్లను ఒకే అభ్యర్థనలో పంపి సర్వరును ఊపిరాడకుండా చేయవచ్చని చూపించారు. పేర్లను భద్రపరిచే హ్యాష్ పట్టికలో అన్నీ ఒకే చోట ఢీకొనేలా ఎంచడమే అందులోని కిటుకు. దానికి అడ్డుకట్టగా 2012 జనవరిలో వచ్చిన పీహెచ్‌పీ 5.3.9లో ఈ అమరికను చేర్చారు.

హద్దును పెంచుకోవచ్చు. అయితే ప్రోగ్రాము లోపల, అమరికలు మార్చే ఐఎన్ఐ సెట్ అన్న ఆదేశం రాస్తే పనిచేయదు; మీ కోడు నడిచే సమయానికే గళ్లను విడదీయడం పూర్తయిపోయి ఉంటుంది. పీహెచ్‌పీ ఐఎన్ఐ ఫైలులో గాని, షేర్డ్ హోస్టింగ్ అయితే ఆ ఫోల్డరులోని యూజర్ ఐఎన్ఐ ఫైలులో గాని మార్చాలి. రెండోది మార్చిన వెంటనే ఫలితం కనబడకపోతే కంగారు పడకండి, సర్వరు దాన్ని మామూలుగా అయిదు నిమిషాలకు ఒకసారే మళ్లీ చదువుతుంది.

పెంచడం నాకు అంత ఇష్టమైన మార్గం కాదు. ఈ నెల 3000 చేస్తే వచ్చే ఏడాది మరో యార్డు వచ్చి 500 వరుసలు దాటించి, మళ్లీ అలాగే నిశ్శబ్దంగా తెగిపోతుంది. వరుసలన్నిటినీ జావాస్క్రిప్ట్‌తో జేసన్ రూపంలోకి (డేటానంతా ఒకే పాఠంగా రాసే పద్ధతిలోకి) కూర్చి ఒకే గడిలో పంపితే పీహెచ్‌పీ లెక్కలో అది ఒక్కటే. లేదా ఒక వరుస నింపగానే దాన్ని వెంటనే సర్వరుకు పంపి భద్రపరచండి. రాళ్లు కొలిచే చోట నెట్‌వర్కు, కరెంటు ఎలా ఉంటాయో మీకు నాకంటే బాగా తెలుసు. రెండు గంటల పని చివరి ఒక్క నొక్కుడు మీద ఆధారపడకూడదు.

ఏ దారి పట్టినా, తెగిపోయిన సంగతి మీకు తెలిసే ఏర్పాటు ఒకటి చేసుకోండి. ఫారం మొదట్లో మొత్తం వరుసల సంఖ్యను ఒక హిడెన్ గడిలో పంపి, సర్వరులో చేరినవాటితో పోల్చి, తేడా ఉంటే ఏదీ భద్రపరచకుండా తిప్పి పంపడం ఒక పద్ధతి. ఈ గడి కూడా 1000లో ఒకటిగా లెక్కకు వస్తుందని మరవకండి. అది ఫారం చివర ఉంటే మాత్రం తెగిన భాగంతో పాటు తానూ పోతుంది.

మీ యార్డు ఫారానికి ఫోటోలు చేర్చే ఆలోచన ఉంటే దానికీ వేరే హద్దు ఉంది: ఒక అభ్యర్థనలో వచ్చే ఫైళ్లను పీహెచ్‌పీ మామూలుగా 20కి పరిమితం చేస్తుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మా బంధువుల కుట్టు దుకాణానికి ఆర్డరు ఫారం రాసి ఇచ్చాను. ఒక ఖాతాదారు, కింద జాకెట్టు, చొక్కా, ప్యాంటు ఇలా ఎన్ని బట్టలైతే అన్ని వరుసలు, ఒక్కోదానికి కొలతలు, కూలి, ఇవ్వవలసిన తేదీ. ఆర్డరును సవరించి భద్రపరిచినప్పుడల్లా పాత వరుసలన్నీ తీసేసి కొత్తగా చేరుస్తున్నాను. ఇప్పుడు ఏ బట్ట ఎవరు కుట్టారో వారి కూలీ లెక్క వేరే టేబుల్‌లో మొదలుపెట్టాం. ఆర్డరు సవరిస్తే ఆ లెక్క తెగిపోతోంది.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అనుసరించిన పద్ధతి తప్పని అనను. వరుసకు బయట ఎవరితోనూ సంబంధం లేనంతకాలం అన్నీ తీసేసి మళ్లీ రాయడమే అతి సులువు, అతి తక్కువ తప్పులకు తావిచ్చే మార్గం. కూలీ టేబుల్ వచ్చిన రోజున ఆ వెసులుబాటు పోయింది. 'ఈ జాకెట్టు ఫలానావారు కుట్టారు' అని మరో టేబుల్ ఒక ఐడీని పట్టుకుని ఉంది. మీరు సవరించినప్పుడల్లా అదే జాకెట్టు కొత్త ఐడీతో పుడుతోంది.

ప్రతి వరుసలోనూ దాని డేటాబేస్ ఐడీని హిడెన్ గడిగా పెట్టండి, కొత్త వరుసకు అది ఖాళీగా ఉంటుంది. సర్వరులో ఐడీ ఉన్నదాన్ని సవరించాలి, లేనిదాన్ని చేర్చాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. తొలగింపు దగ్గరే దారులు చీలతాయి. 'ఫారంలో రాని వరుస తొలగించబడినట్లే' అని భావించే కోడును నేను ఎన్నో చోట్ల చూశాను, ఒకప్పుడు నేనూ రాశాను. పైన ఎర్రగుంట్ల ఉత్తరం చదివారు కదా. గళ్లు దారిలో తెగిపోతే రాని వరుసలన్నిటినీ ఆ కోడు భక్తిగా తుడిచేస్తుంది. కాబట్టి తొలగించమని వినియోగదారు చెప్పినప్పుడు ఆ వరుసను పేజీ నుంచి పీకేయకుండా, దాచిపెట్టి, దానిలో 'తొలగించు' అన్న గుర్తును 1 చేసి పంపండి. గుర్తు ఉంటేనే సర్వరు తీసేయాలి. వరుసే రాకపోతే దాన్ని ముట్టుకోకూడదు. ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కని కొత్త వరుసను మాత్రం నిస్సంకోచంగా పీకేయవచ్చు.

జాంగో, రైల్స్ వంటి ఫ్రేమ్‌వర్కులు (వెబ్ ప్రోగ్రాములకు సిద్ధంగా దొరికే చట్రాలు) ఇదే పద్ధతిని ముందే కట్టిపెట్టాయి. రైల్స్‌లో ఆ గుర్తు పేరు అండర్‌స్కోర్ డెస్ట్రాయ్, జాంగో ఫారంసెట్లలో డిలీట్. జాంగో వాడేవారికి ఒక హెచ్చరిక: అక్కడ మొత్తం వరుసల సంఖ్యను చెప్పే టోటల్ ఫారమ్స్ అనే హిడెన్ గడి ఉంటుంది. జావాస్క్రిప్ట్‌తో వరుస చేర్చి ఆ సంఖ్యను పెంచడం మరిచిపోతే, కొత్త వరుస సర్వరుకు చేరినా జాంగో దాన్ని చదవదు.

ఇంకో రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. హిడెన్ గడి అంటే రహస్యమైన గడి కాదు. బ్రౌజరులో ఎవరైనా దాని విలువను మార్చి పంపవచ్చు. సవరించే ముందు ఆ వరుస ఐడీ నిజంగా ఆ ఆర్డరుకే చెందుతుందా అన్నది ఆ సవరించే క్వెరీలోనే డేటాబేస్‌ను అడగాలి. అలాగే ఒక ఆర్డరులోని మార్పులన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ కాకుండా, చేయండి. ఖాతాదారు సవరించిన మూడు బట్టల్లో రెండే మారి మూడోది మారకపోతే, పండగ ముందు దుకాణంలో జరిగే వాదనకు మీ బంధువులే సమాధానం చెప్పుకోవాలి.

ప్రశ్న: విస్తీర్ణం గడిని నంబరు టైపుగా పెట్టాను. 3.25 అని కొడితే బ్రౌజరు ఒప్పుకోవడం లేదు.
— గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: నంబరు గడికి స్టెప్ చెప్పకపోతే బ్రౌజరు దాన్ని 1గా తీసుకుంటుంది, అంటే పూర్ణాంకాలే చెల్లుతాయి. స్టెప్‌ను 0.01 అని పెడితే మీ ఇబ్బంది తీరుతుంది.

కానీ నన్ను అడిగితే ఆ గడినే తీసేసి ఎకరాలకు ఒకటి, సెంట్లకు ఒకటి పెట్టమంటాను. ఒకరు 3.5 అని నింపినప్పుడు అది మూడెకరాల యాభై సెంట్లో, మూడెకరాల అయిదు సెంట్లో మీ ఫారానికి తెలిసే మార్గం లేదు. నలభై అయిదు సెంట్ల తేడా చిన్నది కాదు. సెంట్ల గడికి గరిష్ఠ విలువ 99. డేటాబేస్‌లో మొత్తాన్ని సెంట్లుగా మార్చి 325 అన్న పూర్ణాంకంగా దాచుకుంటే కూడికల్లో దశాంశాల పేచీ కూడా ఉండదు. సర్వే నంబరును మాత్రం ఎన్నడూ నంబరు టైపుగా పెట్టకండి. 12-2ఏ అన్నది పేరేగాని అంకె కాదు. ఎక్సెల్‌లో తెరిచినప్పుడు 12-2 లాంటివి తేదీలుగా మారిపోతాయి కనుక అక్కడ కూడా ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

ప్రశ్న: ఇంత తరచుగా అవసరమయ్యే దానికి హెచ్‌టీఎంఎల్‌లోనే ఒక ట్యాగు ఎందుకు లేదు? ప్రోగ్రామింగు రాని మాబోటివారు ఇటువంటి ఫారం తయారుచేసుకునే దారి ఉందా? మేము ఉరవకొండ ప్రాంతంలో ఇంటింటి సర్వే చేయవలసి ఉంది, కుటుంబంలో ఒక్కొక్క మనిషి వివరాలు రాయాలి.
— ఒక స్వచ్ఛంద కార్యకర్త

జవాబు: ట్యాగు దాదాపుగా వచ్చి వెనక్కి పోయింది. 2003లో, వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా వెలువడిన ఎక్స్‌ఫారమ్స్‌లో రిపీట్ అనే ఎలిమెంటు ఉంది, కానీ బ్రౌజర్లు ఎక్స్‌ఫారమ్స్‌ను తలకెత్తుకోలేదు. ఆ తరువాత వెబ్ ఫారమ్స్ 2 అనే ప్రతిపాదనలో వరుసను చేర్చే, తొలగించే, పైకీ కిందికీ జరిపే బటన్లతో సహా అంతా జావాస్క్రిప్ట్ లేకుండా జరిగేలా రాశారు. 2006లో వచ్చిన ఒపేరా 9 దాన్ని చేసి చూపించింది కూడా. తక్కిన బ్రౌజర్లు ముందుకు రాలేదు, హెచ్‌టీఎంఎల్5లో చేరేటప్పటికి ఆ భాగాన్ని తీసేశారు. తేదీ, నంబరు, ఈమెయిలు గళ్లు మాత్రం అదే ప్రతిపాదన నుంచి మన దాకా వచ్చాయి.

మీ రెండో ప్రశ్నకు సంతోషంగా జవాబు చెప్పగలను. గూగుల్ ఫారమ్స్ ఈ పనికి సరిపోదు. 'ఇంకొకరిని చేర్చు' అనే సౌకర్యం అందులో లేదు. సభ్యుడు 1, సభ్యుడు 2 అని పదిమందికి గళ్లు పరిచి పెట్టడమే దానిలో చేయగలిగింది, పదకొండో మనిషి ఉన్న ఇల్లు తగలగానే మీ సర్వే ఆగిపోతుంది. సర్వేల కోసమే తయారైన కోబోటూల్‌బాక్స్ గాని, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓడీకే గాని వాడండి. రెండిటిలోనూ ఒకే ప్రశ్నల గుంపును మళ్లీ మళ్లీ అడిగే రిపీట్ గ్రూప్ ఉంది. ఎక్సెల్ షీటులో టైప్ అనే నిలువు వరుసలో 'బిగిన్ రిపీట్' అని రాసి, మనిషికి అడగవలసిన ప్రశ్నలు వరుసగా రాసి, 'ఎండ్ రిపీట్' అని ముగిస్తే ఫారం సిద్ధం. ఇంట్లో ఎంతమంది అని ముందే అడిగి, ఆ సంఖ్యను రిపీట్ కౌంట్‌కు ఇస్తే ఫోను అన్నిసార్లే అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సిగ్నలు లేకుండానే నింపుకొని, ఊళ్లోకి వచ్చాక పంపవచ్చు.

సర్వే అయ్యాక డేటాను ఎక్సెల్‌గా దింపుకొన్నప్పుడు ఒక షీటులోనే వెతికి, మనుషుల వివరాలు రాలేదని అనుకోకండి. కోబోలో ఇళ్లు ఒక షీటులో, మనుషులు మరో షీటులో వస్తారు. రెండో షీటులోని పేరెంట్ ఇండెక్స్ అన్న నిలువు వరుసలో ఉన్న సంఖ్యే ఆ మనిషి మొదటి షీటులో ఏ ఇంటికి చెందుతాడో చెబుతుంది. ఆ నిలువు వరుసను తీసేయకుండా, రెండు షీట్లనూ వేర్వేరుగా సార్టు చేసే ముందు ఫైలును ఒక నకలు తీసి పెట్టుకోండి.